నడక ఆలస్యమైన బిడ్డకు ఫిజియోథెరపీ



'పిల్లాడు ఇంకా కూర్చోవడం లేదేమిటి?' అని మనం కాస్త కంగారుపడగానే, 'వాళ్ళ నాన్నా ఇంతే, అన్నీ ఆలస్యమే. వాడే నేర్చుకుంటాడులే' అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. చాలామంది పిల్లల విషయంలో ఆ మాట నిజమే. కాని కొందరికి, అలా ఎదురుచూస్తూ గడిపేసిన నెలలే ఎంతో విలువైనవి.

నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, 18 నెలలకు నడక రాకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. ఏడాదిలోపు బిడ్డ ఎప్పుడూ ఒక్క చేతినే వాడుతున్నా, కాళ్ళు కత్తెరలా బిగుసుకుంటున్నా అసలు జాగు చేయకండి. ఇవి సెరిబ్రల్ పాల్సీకి గుర్తులు కావచ్చు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, పసితనంలో ముదిరిన కామెర్లు, మెదడుకు సోకిన జబ్బులు దీనికి కొన్ని కారణాలు. తల్లి చేసిన పాపమూ కాదు, గ్రహచారమూ కాదు.

మెదడుకు తగిలిన ఆ దెబ్బను ఫిజియోథెరపీ మాన్పలేదు. మరి ఎందుకంటారా? పసి మెదడుకు కొత్తగా నేర్చుకునే శక్తి ఎక్కువ. బొమ్మను కొంచెం దూరంగా పెట్టి అందుకోమనడం, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి తల ఎత్తించడం, ఇలా ఆటలాగే కండరాలకు పని చెబుతారు. వారానికి ఒకటి రెండు గంటలు ఆస్పత్రిలో చేయిస్తే చాలదు. ఆ పద్ధతులు మీరు నేర్చుకుని స్నానం, బట్టలు తొడగడం, అన్నం తినిపించడంలో కలిపేయాలి. నూనె రాయడం మంచిదే గాని, బిగుసుకున్న కాళ్ళను బలవంతంగా లాగకండి. చక్రాల వాకరు నడక నేర్పదు సరికదా, దొర్లి పడిపోయే ప్రమాదమూ ఉంది.

బడికి వెళ్తున్నాడు కదా అని చికిత్స మాన్పించేస్తారు కొందరు. యుక్తవయసులో ఎముకలు గబగబా పెరుగుతాయి, బిగుసుకున్న కండరాలు వాటితో సాగవు. అందుకే అంతవరకు బాగానే నడిచిన పిల్ల మునివేళ్ళ మీద నడవడం, మోకాళ్ళు వంచి నడవడం మొదలుపెట్టవచ్చు. ఆ వయసులో మళ్ళీ తప్పక చూపించండి.

ఖర్చుకు జంకకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ వరకు పిల్లలకు అంగన్‌వాడీల్లో, సర్కారు బళ్ళలో పరీక్షలు చేస్తారు. అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. అక్కడ ఫిజియోథెరపీ కూడా ఉంటుంది.

అనుమానం వస్తే అడగండి. ఏమీ లేదని తేలితే నిశ్చింత. ఉందని తేలితే, ఒక్క నెల ముందుగా మొదలుపెట్టినా బిడ్డకు మేలే.