ఆటపాకలో గూడబాతు.. ఏ మైకు విన్నట్టు?

కైకలూరు పక్కన, కొల్లేరు సరస్సు ఒడ్డున ఉన్న ఆటపాకలో గూడబాతులు గుంపులుగా గూళ్ళు కడతాయి. పెద్ద పక్షులు పెద్దగా నోరు విప్పవు, గోలంతా పిల్లలదే. ఆ గోలను పట్టుకుందామని మంచి మైకు కొని లాప్‌టాప్‌కు తగిలించినవారికి, ఇంటికొచ్చి వింటే ఫ్యాను రొద, కీబోర్డు టకటకలే వినిపించవచ్చు. కొన్న మైకు చెడిపోలేదు. లాప్‌టాప్ తన సొంత మైకుతో విన్నదంతే.

మనం చూసేది జాక్‌ను. కంప్యూటర్ చూసేది అంకెలు వచ్చే దారిని. మైకు పంపిన బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని కోడెక్ అనే చిప్ సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల దారికే ఆపరేటింగ్ సిస్టమ్‌లో రికార్డింగ్ పరికరమని పేరు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరే కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. చాలా కోడెక్‌లలోనూ లోపలి మైకు, జాక్ మైకు, లైన్-ఇన్ అన్నిటికీ ఒకటే దారి. కాకపోతే సరస్సులో నీళ్ళు కలిసిపోతాయి, ఇక్కడ సాధారణంగా ఒకసారికి ఒక్కదాన్నే వదులుతారు. అందుకే జాబితాలో పరికరం ఒకటే కనిపించినా, దాని లోపల ఏ మైకో మళ్ళీ ఎంచుకోవాలి.

యూఎస్‌బీ మైకు సంగతి వేరు. శబ్దాన్ని అంకెలుగా మార్చే చిప్ అందులోనే ఉంటుంది కాబట్టి అదే ఒక సౌండ్ కార్డు. వెబ్‌క్యామ్‌లో మైకుంటే అదీ అంతే. లినక్స్‌లోని ఆల్సా అనే శబ్ద వ్యవస్థ ఈ కార్డులకు సున్నా నుంచి వరుస నంబర్లు ఇస్తుంది. ఆ వరుస సిస్టమ్ వాటిని గుర్తించిన క్రమాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి నిన్నటి 1 ఇవాళ 2 కావచ్చు. నంబరును నమ్ముకోవడం కంటే కార్డు పేరుతో ఎంచుకోవడమే మేలు.

ఎక్కువమందిని ఏడిపించేది మాత్రం జాక్. లాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్‌కూ మైకుకూ కలిపి ఒకటే జాక్ ఉంటే దానికి నాలుగు కాంటాక్టులున్న పిన్ను కావాలి. కెమెరా మైకుల పిన్నుకు సాధారణంగా మూడే ఉంటాయి. దాన్ని నేరుగా గుచ్చితే మైకు తీగ గ్రౌండుకు తగిలి, కంప్యూటర్ దాన్ని ఉత్త హెడ్‌ఫోన్ అనుకుంటుంది. తక్కువ ధరకు దొరికే మార్పిడి కేబులుతో ఈ చిక్కు తీరుతుంది.

1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరులో నేటి పక్షుల సందడి రేపటి పరిశోధకులకు ఆధారం. రికార్డు మొదలుపెట్టే ముందు మైకు మీద గోటితో గీరి, తెరపై లెవెల్ కదులుతోందో లేదో చూడండి. ఫైలుతోపాటు తేదీ, చోటు, వాడిన మైకు పేరు రాసి ఉంచండి.