గాలి తగ్గితే గ్యాస్ అయిపోయినట్టేనా?

మే నెలలో నల్గొండ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున ఏసీ గాలి సన్నగిల్లితే ఇంట్లో వినబడే మొదటి మాట "గ్యాస్ అయిపోయింది". వెంటనే మెకానిక్‌కు ఫోన్: "అన్నా, జర వచ్చి గ్యాస్ కొట్టిపో." అంతకంటే ముందు ఇండోర్ యూనిట్ మూత ఎత్తి చూస్తే చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది.

అపోహ: గాలి తగ్గిందంటే గ్యాస్ తగ్గినట్టే.

వాస్తవం: గాలిని తోసేది లోపలి బ్లోయర్. గ్యాస్ పని గదిలోని వేడిని బయటికి మోయడం. గాలి జోరుగానే ఉండి చల్లదనం లేకపోతే గ్యాస్‌ను అనుమానించవచ్చు. గాలే సన్నగా వస్తూ, వచ్చిన కాస్తా చల్లగా ఉంటే ముందు దుమ్ము సంగతి చూడాలి. మన దగ్గర దానికి కొదవ లేదు. ఏసీలు రాత్రింబవళ్లు నడిచే ఏప్రిల్, మే నెలల్లోనే యాసంగి కోతలు. రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. మిర్యాలగూడ మిల్లుల చుట్టుపక్కల ఊక నుసి, జడ్చర్లలో హైవే దుమ్ము. ఆ రోజుల్లో వారం పదిరోజులకోసారి ఫిల్టర్ జాలీని నల్లా కింద కడిగి, నీడలో ఆరబెట్టాలి. డాబా మీద ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది, మళ్లీ సరిగ్గా కూర్చోదు.

అపోహ: జాలీ కడిగితే సర్వీసింగ్ అయినట్టే.

వాస్తవం: ఏసీ ఆపి, గాలి వచ్చే సందులోకి టార్చి వేసి చూడండి. బ్లోయర్ రెక్కల మీద గొంగడి ముక్క అతికించినట్టు దుమ్ము పేరుకుని ఉంటే జాలీ ఎంత శుభ్రంగా ఉన్నా గాలి రాదు. దాన్ని మెకానిక్కే కడగాలి. అన్నీ శుభ్రంగా ఉన్నా ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే మోటారునో, పాత మోడళ్లలో కెపాసిటర్‌నో చూడమనండి.

అపోహ: కాయిల్‌కు మంచు పట్టిందంటే ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తోందని.

వాస్తవం: అది జబ్బు లక్షణం. గాలి సరిగా ఆడకపోతే కాయిల్ సున్నా డిగ్రీల కిందికి పోతుంది, గాలిలోని తేమ దాని మీదే గడ్డకడుతుంది, ఆ గడ్డ ఉన్న కాస్త దారినీ మూసేస్తుంది. గ్యాస్ తగ్గినా ఇలాగే మంచు పడుతుంది, కాబట్టి గ్యాస్‌కు అసలు సంబంధమే లేదనలేం. మంచును కత్తితో గీకొద్దు, రాగి గొట్టానికి చిల్లు పడితే ఖర్చు పెరుగుతుంది. కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో పెడితే అదే కరుగుతుంది.

అపోహ: గ్యాస్ ఏటా నింపించాలి.

వాస్తవం: అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు పట్టకుండా గ్యాస్ కొట్టించడం దండగ.

అపోహ: 16కు దించితే గాలి పెరుగుతుంది.

వాస్తవం: ఫ్యాన్ ఆటోలో ఉంటే తప్ప ఆ అంకెకూ ఫ్యాన్ వేగానికీ సంబంధం లేదు.

అపోహ: కూలరంత గాలి కొట్టకపోతే ఏసీ పాడైనట్టే.

వాస్తవం: ఇది కూలర్‌కు అలవాటుపడ్డ ఒళ్లు అడిగే ప్రశ్న. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం ఏసీకి రూపకల్పన చేసిందే గాలిలో తేమను అదుపు చేయడానికి. కూలర్ తేమ కలుపుతుంది, ఏసీ తీసేస్తుంది. రెండూ ఒకే గదిలో నడిపితే కూలర్ పోసిన తేమను తోడటానికే ఏసీ కరెంటు కాలుతుంది.