ట్రంకు పెట్టెలో మగ్గిన మిలట్రీ వైద్యం
కంపెనీ బీమా ఉందిగదా అని కార్డు తీసుకోని మాజీ సైనికుల అగచాట్లు

తాడేపల్లిగూడెం: ఇరవై ఏళ్లు సరిహద్దుల్లో కాపలా కాసిన ఆ మాజీ హవల్దారు అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటరు ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. లోపల భార్య కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నది. పిత్తాశయంలో రాళ్లు, వెంటనే ఆపరేషను చెయ్యాలన్నారు డాక్టర్లు. ఆయన జేబులోంచి కంపెనీ ఇచ్చిన బీమా కార్డు తీసి ఇచ్చాడు. గుమాస్తా నంబరు కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

“మీరు ఆ కంపెనీలో మానేశారంట కదండీ. మానేసిన రోజుతోనే బీమా కూడా అయిపోయిందండీ.”

“నేను మిలట్రీలో చేశానండీ. పింఛను వస్తోంది. మాకు వైద్యం ఫ్రీ అండీ.”

“అయితే ఆ కార్డు ఇవ్వండి.”

ఆ కార్డు ఆయన దగ్గర లేదు. అసలు తీసుకోనే లేదు. కాగితాలన్నీ ఇంట్లో నల్లరంగు ట్రంకు పెట్టె అడుగున ఉన్నాయి. కార్డు చూపందే సొమ్ము కట్టకుండా చేర్చుకోవడం కుదరదన్నారు. తెల్లవారేసరికి భార్య గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఆపరేషను బాగానే జరిగింది. గాజులు మాత్రం ఇంకా విడిపించలేదు.

పేరు వేయవద్దని కోరిన ఈయనది తాడేపల్లిగూడెం ప్రాంతంలోని ఒక చిన్న గ్రామం. ఈ చుట్టుపక్కల పటాలానికి వెళ్లడం కొత్త సంగతి కాదు. దగ్గర్లోని మాధవరాన్ని మిలట్రీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ ఊరివాళ్లు పోరాడారు. తాత, తండ్రి, కొడుకు వరసగా సైన్యంలో పనిచేసిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నంతకాలం జ్వరం వస్తే యూనిట్ డాక్టరు, పెద్ద జబ్బు చేస్తే మిలట్రీ ఆసుపత్రి. చీటీ రాయించుకోవడమే తప్ప డబ్బు మాట ఉండదు. అసలు చిక్కు ఇంటికి వచ్చాకే మొదలవుతున్నదని మాజీ సైనికులు చెబుతున్నారు.

నలభై ఏళ్లకే రెండో ఉద్యోగం

సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లు చాలామంది నలభై ఏళ్లు అటూ ఇటూగా ఉండగానే పింఛనుతో బయటికి వస్తారు. పిల్లలు అప్పటికి హైస్కూల్లో ఉంటారు. పింఛను ఒక్కటే చాలదు. బ్యాంకు కాపలాకో, ఫ్యాక్టరీ గేటు దగ్గరకో, కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజరు పనికో వెళతారు. అక్కడ కంపెనీ ఏదో ఒక వైద్య బీమా ఇస్తుంది. “ఇది ఉందిగా, ఇక అదెందుకు” అనుకోవడంతోనే పొరపాటు జరుగుతున్నది.

ఆ హవల్దారు 2019లో రిటైరయ్యాడు. పింఛను లెక్క కట్టేటప్పుడే మాజీ సైనికుల వైద్య పథకం కింద 30 వేల రూపాయలు మినహాయించారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఊరికి వచ్చిన నెలకే విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం దొరికింది. తనకు, భార్యకు, ఇద్దరు పిల్లలకు కలిపి ఏడాదికి మూడు లక్షల బీమా ఇచ్చారు. తల్లిదండ్రులను చేర్చాలంటే ఆ ప్రీమియం జీతంలోంచి కోస్తామన్నారు. వద్దన్నాడు. మిలట్రీ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలని భార్య రెండుసార్లు గుర్తుచేసింది. సెలవు దొరకలేదు. కాంట్రాక్టు ముగిసి కంపెనీ ఇంటికి పంపిన పది రోజులకే ఆసుపత్రి మెట్లెక్కవలసి వచ్చింది.

జీవితాంతం ఉండేది ఒకటి, నౌకరీతో పోయేది ఒకటి

మాజీ సైనికుల వైద్య పథకాన్ని ఈసీహెచ్ఎస్ అంటారు. 2003 ఏప్రిల్ 1న మొదలైంది. పింఛను పొందే మాజీ సైనికులకు, వారి మీద ఆధారపడిన కుటుంబానికి ఇది వర్తిస్తుంది. చందా ఒక్కసారే కట్టాలి, వైద్యం జీవితాంతం ఉంటుంది. 2017 డిసెంబరులో సవరించిన లెక్క ప్రకారం హవల్దారు వరకు 30 వేలు, జేసీఓలకు 67 వేలు, ఆఫీసర్లకు లక్షా 20 వేలు. 1996కు ముందు రిటైరైనవారు చందా కట్టనక్కరలేదు.

జబ్బు చేస్తే మొదట పాలీక్లినిక్‌కు వెళ్లాలి. అక్కడ మందులిస్తారు. పెద్ద వైద్యం కావలసి వస్తే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికి చీటీ రాస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చీటీ లేకుండానే ఆ ఆసుపత్రుల్లో చేరవచ్చు. పథకంలో లేని ఆసుపత్రిలో చేరితే 48 గంటల లోపల దగ్గరి పాలీక్లినిక్‌కు కబురు చెయ్యాలి. ముందు సొంత డబ్బు కట్టి తరవాత బిల్లులు పెట్టుకోవాలి.

కొడుకులకు 25 ఏళ్లు వచ్చేదాకా, లేక సంపాదనలో పడేదాకా, లేక పెళ్లయ్యేదాకా, వీటిలో ఏది ముందయితే అంతవరకు ఈ పథకం వర్తిస్తుంది. కూతుళ్లకు ఉద్యోగమో పెళ్లో అయ్యేదాకా వయసుతో పనిలేదు. తల్లిదండ్రుల రాబడి నెలకు 9 వేలు, దానిపై కరువు భత్యం కలిపిన మొత్తం దాటకుంటే వారినీ చేర్చవచ్చు. కంపెనీ బీమాలో చోటు దొరకని ముసలి తల్లిదండ్రులకు ఇదే ఆధారం.

కంపెనీ గ్రూపు బీమా దారి వేరు. చేరగానే పాత జబ్బులకు కూడా వైద్యం ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. ఊళ్లోని పాలీక్లినిక్ చీటీ అవసరం లేదు. కాని దానికి ఏటా ఒక హద్దు ఉంటుంది. ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. మానేసేవాళ్లు ముందుగానే బీమా సంస్థకు రాసుకుంటే గ్రూపు పాలసీ నుంచి సొంత పాలసీకి మారవచ్చు. గ్రూపులో గడిపిన కాలం పాత జబ్బుల నిరీక్షణలో కలిసి వస్తుంది. ఆ నిరీక్షణ 36 నెలలు మించరాదని 2024లో నియమం పెట్టారు. ప్రీమియం మాత్రం ఇక సొంతంగా కట్టుకోవాలి.

రెండూ ఉంచుకున్న నాయక్

అదే గ్రామంలో ఇంకో మాజీ నాయక్ ఉన్నాడు. ఈయన ఒక ఫ్యాక్టరీలో నెలకు 16 వేల జీతానికి పనిచేస్తున్నాడు. జీతం 21 వేల లోపు కనుక ఈఎస్ఐ కిందికి వచ్చాడు. 2019 జూలై నుంచి ఉన్న రేటు ప్రకారం జీతంలోంచి నూటికి 75 పైసలు, అంటే నెలకు 120 రూపాయలు కోస్తారు. యజమాని నూటికి మూడుంబావు వంతు చొప్పున 520 కడతాడు.

“మిలట్రీ కార్డు ఉండగా ఈఎస్ఐ దండగ అనుకున్నానండీ. పోయినేడు కామెర్లు వచ్చి నెల రోజులు మంచం పట్టాను. మిలట్రీ కార్డు మందులిస్తుందిగాని జీతం ఇవ్వదు కదండీ. ఈఎస్ఐ వాళ్లు జీతంలో నూటికి 70 వంతులు ఇచ్చారు” అన్నాడాయన. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటే ఏడాదికి 91 రోజుల వరకు ఈ సొమ్ము దొరుకుతుంది. ఈయన మిలట్రీ కార్డును మాత్రం వదల్లేదు. “ఫ్యాక్టరీ ఎప్పుడు మూస్తారో మనకేం తెలుసు” అన్నది ఆయన మాట. రెండు కార్డులున్నా ఒకే బిల్లుకు రెండుచోట్లా పూర్తి సొమ్ము తీసుకోరాదు.

పేరులో అక్షరం తేడా వస్తే

కార్డుకు దరఖాస్తు పెట్టినవారికీ తిప్పలు తప్పడం లేదు. డిశ్చార్జి పుస్తకంలో భార్య పేరు ‘లక్ష్మి’ అని ఉంటుంది, ఆధార్‌లో ‘వెంకటలక్ష్మి’ అని ఉంటుంది. పుట్టిన తేదీ ఒకచోట ఒకలా ఉంటుంది. పెళ్లయిన కొత్తలో యూనిట్‌లో ఎవరో రాసిన పేరు ఇరవై ఏళ్ల తరవాత అడ్డుపడుతున్నది. సరిచేయించాలంటే రికార్డు ఆఫీసుకు కాగితాలు పంపాలి. ఆ హవల్దారు దరఖాస్తు కూడా ఇక్కడే ఆగి నెలల తరబడి తిరగవలసి వచ్చింది. సర్వీసులో ఉండగానే భార్యాపిల్లల, తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌తో సరిపోల్చుకుంటే ఈ తిరుగుడు ఉండదని అనుభవజ్ఞులు చెబుతున్నారు.

డెబ్బై ఏళ్లు దాటిన తల్లిదండ్రులున్నవారు ఇంకో సంగతి గమనించాలి. 2024 అక్టోబరు నుంచి ఆ వయసువారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వైద్యం ఉంది. కాని ఈసీహెచ్ఎస్‌లో ఉన్నవారు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

అగ్నివీరుల మాటేమిటి?

పింఛను ఉన్నవారికి ట్రంకు పెట్టెలోనైనా కాగితం ఉంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద వెళ్లిన కుర్రాళ్లకు అదీ లేదు. నాలుగేళ్ల తరవాత నూటికి 25 మంది వరకే సైన్యంలో ఉంచుకుంటారు. మిగిలినవారికి వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు సేవానిధిగా వస్తుందని అప్పట్లో ప్రకటించారు. పింఛను లేదు, ఈసీహెచ్ఎస్ లేదు. 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన మొదటి జట్టుకు నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. సైన్యం వైద్యం ఆగిపోయిన రోజుకూ కంపెనీ బీమా మొదలయ్యే రోజుకూ మధ్య ఎన్ని నెలలు పడితే అన్ని నెలలు ఆ కుర్రాడు ఏ నీడా లేకుండా ఉండాలి. సేవానిధిలో కొంత తీసి ముందుగానే కుటుంబానికి సొంత బీమా తీసుకోవడం మేలని మాజీ సైనికులు సలహా ఇస్తున్నారు.

సైనికుల కుటుంబాలు ఎక్కువగా ఉన్న గ్రామాల్లో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం అప్పుడప్పుడు శిబిరం పెట్టి, కార్డు దరఖాస్తులు, పేర్ల సవరణలు అక్కడే చూడాలని వారు కోరుతున్నారు. పట్నానికి పోయి రావడానికి కూలి పోగొట్టుకునే వితంతువులకు ఇది మరీ అవసరమని అంటున్నారు.

హవల్దారు ఇంటికి కార్డులు ఎట్టకేలకు వచ్చాయి. ఆయన మళ్లీ ఇంకో కంపెనీలో చేరాడు, అక్కడా బీమా ఇచ్చారు. ఈసారి మిలట్రీ కార్డులను ట్రంకు పెట్టెలో పెట్టనివ్వలేదు ఆయన భార్య. బియ్యం డబ్బా పక్కన, చెయ్యి చాస్తే అందేచోట మేకుకు సంచి తగిలించి అందులో ఉంచింది. “గాజులు మళ్లీ చేయించుకోవచ్చండీ. రాత్రిపూట ఆ కౌంటరు దగ్గర ఈయన నిలబడ్డ తీరు మాత్రం మళ్లీ చూడలేను” అన్నదామె.