చలి ప్రాంతాల్లో డీజిల్ లారీకి ఇంజన్ ఆయిల్ ఎంపిక

ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ కందెన నూనెల స్నిగ్ధత పెరుగుతుందని మీరు ఇంతకుముందే చదివారు. ఆ సూత్రం ఒక లారీ ఇంజన్ బతకడానికో, చెడిపోవడానికో ఎలా కారణమవుతుందో ఈ భాగంలో చూద్దాం. లద్దాఖ్‌లోని ద్రాస్‌ను ఉదాహరణగా తీసుకోండి. శ్రీనగర్-లేహ్ రహదారి మీద, 3,000 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఈ ఊళ్లో జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం మామూలే. రాత్రి అక్కడ ఆపిన లారీని తెల్లవారి స్టార్ట్ చేయాలి.

రెండు వేర్వేరు ఇబ్బందులు

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. అందుకు ఇంజన్ తగినంత వేగంగా తిరగాలి. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది, సిలిండర్ గోడలు వేడిని లాగేసుకుంటాయి, పైగా చిక్కబడిన ఆయిల్ క్రాంక్ షాఫ్టును పట్టి ఉంచుతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజన్ అందుకోదు. ఇది మొదటి ఇబ్బంది.

రెండోది ఇంతకన్నా ప్రమాదకరం. ఇంజన్ స్టార్ట్ అవుతుంది గానీ, చాంబర్‌లోని ఆయిల్‌ను పంపు లాగలేదు. బేరింగులు, టర్బో ఆయిల్ లేకుండానే తిరుగుతాయి. స్టార్ట్ కాని లారీ ఆ పూట కదలదు, అంతే. ఆయిల్ అందకుండా తిరిగిన ఇంజన్ విప్పాల్సి వస్తుంది.

దీనికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1980-81 శీతాకాలంలో అమెరికాలోని సూ ఫాల్స్ ప్రాంతంలో పలు ఇంజన్లు ఇలాగే చెడిపోయాయి. వాటిలో వాడిన నూనెలు అప్పటి పరీక్షల్లో నెగ్గినవే. అయితే ఆ పరీక్షల్లో నూనెను త్వరగా చల్లబరిచేవారు. నిజమైన వాతావరణంలో అది నెమ్మదిగా చల్లబడింది. నూనెలోని మైనం స్ఫటికాలు ఒకదానితో ఒకటి అల్లుకొని జెల్లీలా పేరుకోవడానికి వ్యవధి దొరికింది. పంపు లాగిన చోట గుంట పడింది. చుట్టూ ఉన్న నూనె జారి ఆ గుంటను పూడ్చలేదు, పంపులోకి గాలి వెళ్లింది. ఈ అనుభవం తర్వాతే నూనెను దాదాపు రెండు రోజులపాటు నెమ్మదిగా చల్లబరిచి, ఆపైన పరీక్షించే పద్ధతి ప్రమాణాల్లోకి వచ్చింది. శీతాకాలంలో కొబ్బరినూనె సీసా బోర్లించి ఎదురుచూసిన వారికి ఈ సంగతి సులభంగానే అర్థమవుతుంది.

డబ్బా మీది అంకెలు

15డబ్ల్యూ-40 అన్నప్పుడు ‘డబ్ల్యూ’ శీతాకాలానికి గుర్తు. 15 అంటే 15 డిగ్రీలని పరీక్షల్లో చాలామంది రాస్తారు, అది తప్పు. ఎస్.ఎ.ఇ. జె300 ప్రమాణం ప్రతి డబ్ల్యూ శ్రేణికీ రెండు పరీక్షలు నిర్ణయించింది. 15డబ్ల్యూ నూనె స్నిగ్ధత మైనస్ 20 డిగ్రీల వద్ద, ఇంజన్ తిప్పే పరీక్షలో, 7,000 మిల్లీపాస్కల్-సెకండ్లకు మించరాదు. మైనస్ 25 వద్ద, పంపు లాగే పరీక్షలో, 60,000కు మించరాదు. గది ఉష్ణోగ్రతలో నీటి స్నిగ్ధత ఇదే కొలతలో దాదాపు 1 మాత్రమే.

గుర్తుంచుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. డబ్ల్యూ ముందున్న అంకె నుంచి 35 తీసివేస్తే తిప్పే పరీక్ష ఉష్ణోగ్రత, 40 తీసివేస్తే పంపు పరీక్ష ఉష్ణోగ్రత వస్తాయి. 5డబ్ల్యూకు అవి మైనస్ 30, మైనస్ 35.

ఈ రెండింటి మధ్య 5 డిగ్రీల తేడా కావాలనే ఉంచారు. పంపు లాగలేనంత చలిలో ఇంజన్ అసలు తిరగకుండా ఉండటమే దాని రక్షణ. మరో లారీ బ్యాటరీ తగిలించో, తాడు కట్టి లాగించో బలవంతంగా స్టార్ట్ చేస్తే ఆ రక్షణ పోతుంది.

ఇప్పుడు ద్రాస్‌లో ఒక రాత్రి మైనస్ 24 అనుకోండి. 15డబ్ల్యూ తిప్పే హద్దు దాటిపోయింది, పంపు హద్దుకు ఒక్క డిగ్రీ దూరంలో ఉంది. 10డబ్ల్యూ అంచు మీద నెగ్గుతుంది. 5డబ్ల్యూ-40 నిశ్చింతగా పనిచేస్తుంది. నా సలహా కూడా అదే, తయారీదారు పుస్తకం దాన్ని అనుమతిస్తే.

సింథటిక్ ఎందుకు?

సాధారణ ఖనిజ నూనెలో మైనం పూర్తిగా పోదు. పాలిఆల్ఫా ఒలిఫిన్ అనే సింథటిక్ నూనెను చిన్న అణువుల నుంచి నిర్మిస్తారు; అందులో మైనమే ఉండదు. పైగా ఉష్ణోగ్రతతో దాని స్నిగ్ధత మారడం తక్కువ. అందుకే చలిలో 5డబ్ల్యూగా, వేడిలో 40గా ఉండటానికి అది కలిపే పాలిమర్ల మీద అంతగా ఆధారపడదు. ఆ పాలిమర్లు ఇంజన్‌లో నలిగి తెగిపోతుంటాయి. బాగా శుద్ధిచేసిన మూడో వర్గం ఖనిజ నూనెలను కూడా ‘సింథటిక్’ పేరుతో అమ్ముతారు. కాబట్టి ఆ మాట కన్నా డబ్ల్యూ అంకెను నమ్మండి.

చలికి భయపడి రెండో అంకెను తగ్గించకండి. బరువుతో ఘాటు ఎక్కే ఇంజన్‌కు వేడిలో తగిన పొర కావాలి. ఎ.పి.ఐ. సి.కె.-4 నూనెలు 150 డిగ్రీల వద్ద కనీసం 3.5 మిల్లీపాస్కల్-సెకండ్ల స్నిగ్ధత నిలుపుకోవాలి. ఎఫ్.ఎ.-4 నూనెలు అంతకన్నా పలచన, తయారీదారు పేర్కొంటే తప్ప వాడరాదు. మసి వడపోత ఉన్న బి.ఎస్.-6 లారీలకు బూడిద తక్కువగా మిగిల్చే నూనె తప్పనిసరి.

ఆయిల్ మార్చినంత మాత్రాన ట్యాంకులోని డీజిల్ గడ్డకట్టకుండా ఉండదు. అది వేరే సమస్య. ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల వరకు పారే డీజిల్‌ను విడుదల చేసింది అందుకే.

మన లంబసింగిలో చలి సున్నా దరిదాపుల్లో ఆగుతుంది. అక్కడ 15డబ్ల్యూ-40కి ఇంకా ఇరవై డిగ్రీల వెసులుబాటు ఉంది; చలి పేరు చెప్పి ఖరీదైన 0డబ్ల్యూ కొనడం దండగ. మైదానం నుంచి లేహ్‌కు వెళ్లే లారీకి మాత్రం కొండ ఎక్కకముందే పాత ఆయిల్ మొత్తం దించి, ఫిల్టరుతో సహా మార్చాలి. చాంబర్‌లో ఉన్న 15డబ్ల్యూ మీద రెండు లీటర్ల 5డబ్ల్యూ పోస్తే అది 5డబ్ల్యూ అయిపోదు.