పదో తరగతి పేరెంట్స్‌కి మెసేజ్ పంపాలా? మామూలు వాట్సాప్ గ్రూప్ వద్దు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఎక్కడైనా సరే, పదో తరగతి స్పెషల్ క్లాసుల టైమింగ్స్ ఇళ్లకు చేరేలా ఏదైనా సెటప్ చేసిపెట్టమని సార్ అడిగితే మనకు ముందు తట్టేది వాట్సాప్ గ్రూపే. 1024 మంది దాకా పడతారు. కానీ అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ సాయంత్రం అమ్మాయి చేతిలో ఉంటే ఇది చిన్న విషయం కాదు. 'అడ్మిన్స్ మాత్రమే' సెట్టింగ్ గుడ్ మార్నింగ్‌లను ఆపుతుంది, నంబర్లను దాచదు.

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో నంబర్లు బయటపడవు. లిమిట్ 256. అయితే మీ నంబర్ సేవ్ చేసుకోని పేరెంట్‌కి మెసేజ్ చేరదు, ఎర్రర్ కూడా రాదు. ఇది మరీ డేంజర్.

నా ఓటు కమ్యూనిటీకే. అందులోని అనౌన్స్‌మెంట్ గ్రూప్‌లో పేరెంట్స్ నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. కింద ఉండే గ్రూపుల్లో మాత్రం చేర్చకండి, అక్కడ మళ్లీ కనిపిస్తాయి. ఒక పిల్లాడి మార్కులు అందరిలో పెట్టొద్దని వేరే చెప్పాలా!

కీప్యాడ్ ఫోన్లకు ఎస్ఎంఎస్. ఇంగ్లిష్‌లో 160 క్యారెక్టర్లు, తెలుగు యూనికోడ్ కాబట్టి 70 మాత్రమే. 'విద్యార్థి' మనకు మూడక్షరాలు, ఫోన్ లెక్కలో 10! అందుకే 'రేపు క్లాసు సాయంత్రం 6 దాకా' అని ఆపేయండి.

చదవడం రాని ఇళ్లకు ఇవేవీ పనిచేయవు. లంబాడీ భాషకు సొంత లిపి లేదు. మానుకోట తండాలకైతే ఆ భాష వచ్చిన టీచర్‌తో 20 సెకన్ల వాయిస్ నోట్ పెట్టించండి. కీప్యాడ్ ఫోనైతే కాల్ చేయడమే.