బస్తరు తీర్పు

రాజ్యాంగ నిర్మాతలు అమెరికా వారి ‘డ్యూ ప్రాసెస్’ (న్యాయసమ్మత విధానము) అను మాటను బుద్ధిపూర్వకముగనే విడిచి, ప్రాణస్వేచ్ఛలను గాపాడు 21వ అధికరణమున ‘చట్టము నిర్దేశించిన పద్ధతి’ యను మాటలనుంచిరి. శాసనసభ చేసిన చట్టమొకటి యున్నఁ జాలునని 1950లో గోపాలన్ వ్యాజ్యమునఁ జెప్పిన సుప్రీంకోర్టే, 1978లో మేనకా గాంధీ వ్యాజ్యమున, ఆ పద్ధతి న్యాయసమ్మతము కూడఁ గావలెననెను. నిర్మాతల యుద్దేశమును మాటలలోనే గాక లక్ష్యమునందును వెదకుట యుచితమని నా తలంపు.

చట్టమున్నంతనే చాలదనుటకు బస్తరు తీర్పు నిదర్శనము. ఐదవ తరగతి చదివిన గిరిజన యువకులకు నెలకు 3,000 రూపాయల గౌరవవేతనమును, తుపాకులను ఇచ్చి, ప్రత్యేక పోలీసు అధికారులుగా మావోయిస్టులపైకిఁ బంపిన ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ విధానము, 2007 నాటి పోలీసు చట్టమే యాధారమైనను, సమానత్వమును గూర్చిన 14వ అధికరణమునకును, 21వ అధికరణమునకును విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పు చెప్పిరి. ఆ యేడే ఆ రాష్ట్రము సహాయక సాయుధ పోలీసు దళమునకై క్రొత్త చట్టమును జేసెను.