కౌబాయ్ సినిమాలో అడవి ఎవరిది?



పోయిన ఆదివారం హాస్టల్ టీవీలో "మోసగాళ్లకు మోసగాడు" సినిమా చూసినాము కదా. చిన్న తరగతి పాపలు "అక్కా, కృష్ణకి అంత పెద్ద టోపీ ఎందుకు? ఆ ఇసుక మన దేశమేనా?" అని అడిగినారు. వాళ్ళ కోసమే ఈ వ్యాసం.

కౌబాయ్ అంటే ఎవరు?

కౌ అంటే ఆవు, బాయ్ అంటే పిల్లోడు. అంటే గొడ్లు కాసేవాడు. అట్లయితే మా తాత కూడా కౌబాయే! ఆయనకు గుర్రం లేదు, తుపాకీ లేదు. చేతిలో కట్టె, భుజాన తుండుగుడ్డ, అంతే. అమెరికాలో 1865 తరువాత టెక్సాస్ నుంచి పశువుల మందలను గుర్రాల మీద వెంటబడి రైలు స్టేషన్ల దాకా తోలేవారు. ఎండకు పెద్ద టోపీ పెట్టుకొనేవారు. అదే కాలంలో తెల్లవారు తూర్పు నుంచి పడమటికి పోయి భూములు ఆక్రమించుకొన్నారు. ఆ పడమటి కథలనే "వెస్టర్న్" సినిమాలు అంటారు. వాటిలో గుర్రాలు, తుపాకులు, నిధి, పగ, మధ్యలో ఒక ప్రేమ ఉంటాయి.

తెలుగులో ఎట్ల వచ్చింది?

"మోసగాళ్లకు మోసగాడు" 1971 ఆగస్టు 27న విడుదలయింది. పద్మాలయా వారు తీసినారు. దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్, రచన ఆరుద్ర, కథానాయిక విజయనిర్మల. ఆ ఇసుక మన దేశానిదే, రాజస్థాన్ ఎడారి. 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజున, మళ్ళీ థియేటర్లలో వేసినారు. ఇట్లాంటి నిధి కథతోనే 1969లో "మెకన్నాస్ గోల్డ్" అనే ఇంగ్లీషు సినిమా వచ్చింది. దాంట్లో బంగారం అపాచీ అనే ఆదివాసులది. కానీ కథంతా ఆ బంగారం కోసం పరుగెత్తే వాళ్ళది.

నాకు వచ్చిన సందేహం

సోమవారం సాయంత్రం పాపలు గ్రౌండులో కౌబాయ్ ఆట ఆడినారు. అడవివాళ్ళుగా ఉండటానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. ఎందుకే అంటే, "వాళ్ళు చచ్చిపోతారు అక్కా" అనింది ఒక పాప. నేను నవ్వినాను. రాత్రి పడుకొన్నాక నవ్వు రాలేదు. మనమందరమూ అడవివాళ్ళ బిడ్డలమే కదా!

చాలా పాత వెస్టర్న్ సినిమాల్లో "రెడ్ ఇండియన్లు" ఈకలు పెట్టుకొని, అరుచుకుంటా వచ్చి, తుపాకీ దెబ్బకు పడిపోతారు. నిజానికి ఆ నేల వాళ్ళదే. 1492లో కొలంబస్ అమెరికా పక్క దీవుల్లో దిగి, ఇండియాకే వచ్చినాననుకొని వాళ్ళను ఇండియన్లు అన్నాడు. చూడండి, పొరపాటున మన పేరే వాళ్ళకు పెట్టినాడు.

మన అడవి సినిమా

అదే కృష్ణ 1974లో "అల్లూరి సీతారామరాజు"గా నటించినాడు. దీంట్లో అడవివాళ్ళు దొంగలు కాదు, వీరులు. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకొనిపోయినారు. అడవిలో పోడు చేయనీయక, కూలి సరిగా ఇవ్వక రోడ్డు పని చేయించినందుకు ఆ పోరాటం. అయితే అల్లూరి గారు ఆదివాసి కాదు. ఆయన పక్కన పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర ఆదివాసులు. మల్లుదొర జైలు శిక్ష అనుభవించి, 1952లో పార్లమెంటు సభ్యుడైనాడు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

సినిమా చూడొద్దని నేను చెప్పడం లేదు. గుర్రాల పరుగు నాకూ ఇష్టమే. కానీ చూసేటప్పుడు "ఈ నేల ఎవరిది? కథ ఎవరు చెప్తున్నారు?" అని అడగండి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో అడిగి ఒక్కొక్క కథ రాసుకొని రండి. వచ్చే నెల ఈ గోడ మీద అంటిద్దాము.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని